ఎన్ని లీటర్ల పలక? – నీటిపై ఎగిరే క్రీడలో ఆర్కిమెడిస్ పాఠం

యాంగోన్ నగరానికి పడమటి దిక్కున, లైంగ్ నదికి ఆవలి ఒడ్డున లైంగ్‌థార్యార్ ఉన్నది. 1980ల చివర ఏర్పడి, 1990లలో పారిశ్రామిక వాడలతో పెరిగిన పట్టణభాగమది. బయిన్నౌంగ్ వంతెన, ఆంగ్ జేయ వంతెన దానిని నగరంతో కలుపుతున్నవి. వంతెనలు వచ్చినా ఆ నదిమీద పడవలు పోలేదు. సరకు మోసే బార్జీలు, చేపల పడవలు, సన్నని సంపానులు అక్కడి జీవనంలో భాగమే. సంపాన్ నడిపేవాడు ఒక్కొక్క మనిషి ఎక్కుతున్నప్పుడు ఆ మనిషి ముఖం చూడడు. పడవ అంచుకూ నీటికీ మధ్య ఇంకెంత ఎత్తు మిగిలి ఉన్నదో చూస్తాడు. ఆ ఎత్తే అతని లెక్క. ఆ లెక్క తప్పితే జరిగేదేమిటో అతనికి తెలుసు.

ఈ వ్యాసంలో చెప్పబోయే విషయం కూడ ఆ లెక్కే. అయితే వాహనం మాత్రం కొత్తది. ఇటీవల సముద్రతీర నగరాలలో పెరుగుతున్న మన పిల్లలు 'వింగ్ ఫాయిలింగ్', 'ప్రోన్ ఫాయిలింగ్' అనే క్రీడలవైపు ఆకర్షితులవుతున్నారు. పలక కొనివ్వమని అడుగుతున్నారు. దుకాణానికి వెళితే 30 లీటర్ల పలక మొదలుకొని 130 లీటర్ల పలకదాకా వరుసగా నిలబెట్టి ఉంటాయి. వెల దాదాపు ఒకటే. పరిమాణంలో మాత్రం నాలుగు రెట్ల తేడా. ఏది కొనాలి? ఈ ప్రశ్నకు అమ్మేవాని మాటమీద ఆధారపడనవసరం లేదు. పదవ తరగతి భౌతికశాస్త్రం చాలు.

ఈ క్రీడలు ఏమిటి?

రెండు క్రీడలలోనూ పలక అడుగున ఒక నిలువు స్తంభం, దాని చివర విమానపు రెక్కను పోలిన చిన్న రెక్క ఉంటాయి. ఈ అమరికనే ఫాయిల్ అంటారు. పలక కొంత వేగం అందుకోగానే నీటిలోని ఆ రెక్క పైకి నెట్టుతుంది. పలక నీటిని విడిచి పైకి లేస్తుంది. అప్పుడు నీటిలో మిగిలేది స్తంభం, రెక్క మాత్రమే. అందువలన నీటి నిరోధం బాగా తగ్గి, మనిషి నీటిమీద ఎగురుతున్నట్లు సాగిపోతాడు.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇటలీ దేశస్థుడు ఎన్రికో ఫోర్లానీని 1906లో మాజ్జోరె సరస్సుపై ఇటువంటి రెక్కలుగల పడవను నడిపి చూపాడు. టెలిఫోను సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్, ఆయన సహచరుడు కేసీ బాల్డ్విన్ కలిసి నిర్మించిన హెచ్.డి.-4 అనే పడవ 1919 సెప్టెంబరులో కెనడాలోని బ్రాడోర్ సరస్సుపై గంటకు 114 కిలోమీటర్ల వేగం అందుకున్నది. శతాబ్దం గడిచిన తరువాత ఆ రెక్క ఒక మనిషి చంకలో పెట్టుకొని పోగలిగిన పలక కిందికి చేరింది. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో, మార్సేయ్ తీరంలో జరిగిన తెరచాప పలకల పందెమూ, గాలిపటపు పలకల పందెమూ ఫాయిల్‌మీదనే జరిగాయి.

వింగ్ ఫాయిలింగ్‌లో క్రీడాకారుడు పలకమీద నిలబడి, గాలి నింపిన తేలికపాటి రెక్కను చేతులతో పట్టుకుంటాడు. అతనిని లాగేది గాలి. ప్రోన్ ఫాయిలింగ్‌లో చేతిలో ఏమీ ఉండదు. చిన్న పలకపై బోర్లా పడుకొని, చేతులతో నీటిని తోస్తూ, వచ్చే అలను అందుకొని, దభాలున లేచి నిలబడతాడు. అతనిని తోసేది అల. ఈ భేదమే పలక పరిమాణాన్ని నిర్ణయిస్తుంది.

లీటరుకు కిలో

నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుందని ఆర్కిమెడిస్ సూత్రం. మెట్రిక్ కొలతలు తెలిసిన మనకు ఇందులో ఒక సౌకర్యం ఉన్నది. ఒక లీటరు మంచినీటి బరువు ఒక కిలో. కనుక 100 లీటర్ల పలకను పూర్తిగా ముంచితే అది 100 కిలోలను మోయగలదు. సముద్రజలం ఉప్పు వలన కొంచెం బరువెక్కువ; లీటరుకు 1.025 కిలోలు. కనుక అదే పలక సముద్రంలో రెండున్నర కిలోలు అదనంగా మోస్తుంది.

ఈ రెండున్నర శాతం తేడాకు రంగూను రేవుతో, ఆ రేవు ద్వారా మన తెలుగువారితో సంబంధం ఉన్నది. బ్రిటిష్ పాలనలో కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుండి వేలాదిమంది తెలుగువారు బర్మాకు వలసపోయారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద అక్కడ వారిని 'కోరంగీలు' అని పిలిచేవారు. రంగూను రేవులోనూ, బియ్యపు మిల్లులలోనూ బస్తాలు మోసినవారిలో వారి సంఖ్య పెద్దది. వారు బియ్యం నింపిన ఓడల పక్కన కొన్ని అడ్డగీతలు ఉండేవి. ఓడను ఎంతవరకు ముంచవచ్చునో తెలిపే ఈ బరువు గీతలను బ్రిటనులో చట్టపరం చేయడానికి శామ్యూల్ ప్లిమ్‌సాల్ పోరాడి, 1876లో చట్టం సాధించాడు. అత్యాశపరులైన యజమానులు ఓడలను అతిగా నింపడం వలన నావికులు మునిగిపోతూ ఉండడమే ఆ చట్టానికి కారణం.

ఆ గీతలలో ఉష్ణమండలపు మంచినీటికి ఒకటి, ఉష్ణమండల సముద్రానికి మరొకటి వేరువేరుగా ఉంటాయి. మంచినీటి గీత పైన ఉంటుంది. అనగా నదీరేవులో సరకు నింపే ఓడ కొంత ఎక్కువ లోతుకు మునగవచ్చు. సముద్రంలోకి చేరగానే అదే బరువుతో అది కొద్దిగా పైకి తేలుతుంది. సముద్రంలో తేలిన పలక సరస్సులో కొద్దిగా ఎక్కువ మునగడానికీ ఇదే హేతువు. ఓడకు వర్తించిన నియమం పలకకూ వర్తిస్తుంది.

ఇక లెక్క చూద్దాం. 80 కిలోల మనిషికి 80 లీటర్ల పలక సరిపోతుందని చాలామంది భావిస్తారు. కాని నీరు మోయవలసినది మనిషిని మాత్రమే కాదు. పలక బరువు సుమారు 6 కిలోలు, ఫాయిల్ 5 కిలోలు, చేతిలోని వింగ్, తడిసిన దుస్తులు కలిసి 4 కిలోలు అనుకుందాం. మొత్తం 95 కిలోలు. మంచినీటిలో 95 లీటర్లు, సముద్రంలో 93 లీటర్లు ఉంటేనే పలక పైభాగం నీటి మట్టానికి వస్తుంది. అంతకు తక్కువైతే మనిషి నిశ్చలంగా నిలబడినప్పుడు పలక మునుగుతుంది. కనుక మనిషి బరువుకు సుమారు 15 కలిపితే వచ్చే సంఖ్యే తేలడానికి హద్దు. దీనిని 'సమతూక పరిమాణం' అందాం. నేర్చుకునేవాడు ఈ హద్దుకు పైన ఉండాలి.

నిలబడినవాడు, పడుకున్నవాడు

అయితే ప్రోన్ ఫాయిలింగ్ చేసే 80 కిలోల మనిషి 35 లీటర్ల పలకతో ఎలా నెట్టుకొస్తున్నాడు? ఆర్కిమెడిస్ సూత్రం అతనికి వర్తించదా?

వర్తిస్తుంది, పైగా అతని శరీరానికి కూడ వర్తిస్తుంది. ఊపిరితిత్తుల నిండా గాలి ఉన్నప్పుడు మనిషి శరీరం నీటికంటె కొంచెం తేలిక. 80 కిలోల మనిషి దేహ పరిమాణం సుమారు 81 లీటర్లు. అతడు 35 లీటర్ల పలకపై బోర్లా పడుకుంటే, ఫాయిల్ ఒక లీటరుతో కలిపి, మొత్తం పరిమాణం 117 లీటర్లు. చిన్న పలక, ఫాయిల్ బరువులు కలిపినా మొత్తం బరువు 88 కిలోలే. కనుక మంచినీటిలో 29 లీటర్ల భాగం నీటిపైన మిగులుతుంది. తల, భుజాలు, వీపు పైన ఉండి, చేతులు ఆడడానికి ఆ మిగులు చాలు.

ఇప్పుడు అదే మనిషి అదే పలకపై, అల లేనప్పుడు లేచి నిలబడ్డాడనుకోండి. పలక, ఫాయిల్ కలిసి మోసేది 36 కిలోలే. మిగిలిన 52 కిలోలకు అతని దేహమే 52 లీటర్లమేర నీటిలోకి దిగాలి. అనగా నడుము దాటి మునుగుతాడు. పడుకున్నవాని బరువులో అధికభాగాన్ని నీరే నేరుగా మోస్తుంది. నిలబడినవాని బరువంతా పలకే మోయాలి. ప్రోన్ పలక చిన్నది కావడంలోని రహస్యం ఇదే.

మన తీరంలో ఈ సంగతి ఎరిగినవారు ఎప్పటినుండో ఉన్నారు. విశాఖ, శ్రీకాకుళం తీరాల తెప్ప నాలుగైదు దుంగలు కలిపి కట్టినది. దానికి గట్టు లేదు, డొల్ల లేదు. నీరు దుంగల సందులనుండి లోపలికి వచ్చి బయటికి పోతుంది. దానిమీద జాలరి మోకాళ్లపై కూర్చొని తెడ్డు వేస్తాడు. నీటి మట్టానికి సమీపంగా ఉండడమే దాని భద్రత. సంపాన్ డొల్లగా ఉండి గాలిని మోస్తుంది కనుక అందులో నీరు నిండితే మునుగుతుంది. తెప్ప మునగదు, కాని బరువు మించితే నడుం లోతున వేలాడుతూ కదలకుండా నిలిచిపోతుంది. ఫాయిల్ పలక తెప్ప జాతికి చెందినది. అది మనలను ముంచదు. అయితే అది మనలను ఇంటికి చేర్చగలదా అన్నదే అసలు ప్రశ్న.

వెడల్పు ఇచ్చే స్థిరత్వం

లీటర్లు ఒకటే అయినా అన్ని పలకలూ ఒకలాగా నిలవవు. తేలే వస్తువు ఒక పక్కకు ఒరిగినప్పుడు, ఒరిగిన వైపున ఎక్కువ భాగం మునిగి, తిరిగి నిటారుగా నెట్టుతుంది. ఈ నెట్టుడు నీటి మట్టం వద్ద వస్తువుకున్న వెడల్పుయొక్క ఘనంతో పెరుగుతుంది. 60 సెంటీమీటర్ల పలకను 75 సెంటీమీటర్లకు వెడల్పు చేస్తే, 1.25 ఘనం 1.95 కనుక, స్థిరత్వం దాదాపు రెట్టింపు అవుతుంది. వెడల్పు పెరిగినది పావు వంతే, ఫలితం రెండింతలు.

ఇందులో ఒక నిబంధన ఉన్నది. పలక నీటి మట్టాన్ని చీల్చుకొని ఉన్నంతసేపే వెడల్పు ఉపకరిస్తుంది. పూర్తిగా మునిగిన పలకకు నీటిగీత లేదు. కనుక వెడల్పు సహాయం ఒక్కసారిగా పోతుంది. పైన నిలబడిన మనిషి గురుత్వకేంద్రం ఎత్తున ఉండడం వలన, పలక ఏ పక్కకైనా ఒరగడానికి సిద్ధంగా ఉంటుంది. సమతూక పరిమాణానికి పది లీటర్లు పైన ఉన్న పలకకూ, పది లీటర్లు కింద ఉన్న పలకకూ మధ్య కనిపించే భేదం ఇరవై లీటర్లు మాత్రమే. అనుభవంలో మాత్రం అవి రెండు వేరు లోకాలు. నిపుణులు మునిగే పలకలను వాడడం నిజమే. వారు మోకాళ్లపై కూర్చొని, ముందు వింగ్‌కు గాలి పట్టించి, ఆ లాగుడు ఆసరాతో పలకను పైకి రప్పించి ఆ తరువాత నిలబడతారు. గాలి లేకపోతే వారికీ ఆ విద్య పనికిరాదు.

పొడవు, వేగం

ఎగరడానికి ఎంత వేగం కావాలి? రెక్కనుండి వచ్చే పైనెట్టుడు నీటి సాంద్రతతోనూ, రెక్క వైశాల్యంతోనూ, వేగపు వర్గంతోనూ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నెట్టుడు నాలుగింతలు. 95 కిలోల మొత్తం బరువును 1800 చదరపు సెంటీమీటర్ల రెక్కతో సముద్రంలో లేపడానికి, రెక్క గుణకాన్ని 0.7గా తీసుకుంటే, సెకనుకు 3.8 మీటర్ల వేగం కావాలి. అది గంటకు సుమారు 14 కిలోమీటర్లు. రెక్కను సగానికి తగ్గిస్తే గంటకు 19 కిలోమీటర్లు దాటాలి. నీరు గాలికంటె సుమారు 850 రెట్లు సాంద్రమైనది కనుక ఇంత చిన్న రెక్క చాలింది. ఇదే వేగంతో గాలిలో ఎగరాలంటే 150 చదరపు మీటర్ల రెక్క కావలసి వచ్చేది.

ఆ వేగానికి చేరేలోపల పలక పడవలాగే ప్రవర్తిస్తుంది. ఆంగ్ల ఇంజనీరు విలియం ఫ్రూడ్ 19వ శతాబ్దంలో పడవల నమూనాలతో చేసిన ప్రయోగాలు తెలిపినదేమంటే, పడవ తాను లేపే అల పొడవును బట్టి ఒక వేగం దగ్గర చిక్కుకుంటుంది. ఆ వేగం మీటర్లలో పొడవుయొక్క వర్గమూలాన్ని 1.25తో హెచ్చిస్తే సెకనుకు ఇన్ని మీటర్లని వస్తుంది. 1.7 మీటర్ల పలకకు అది 1.6, 2.4 మీటర్ల పలకకు 1.9. ఎగరడానికి కావలసిన 3.8కి ఇవి రెండూ సగమే. ఆ మిగతా దూరాన్ని పొట్టి పలక తన అలమీదికి ఎక్కి, నీటిపై జారుతూ దాటాలి. అందుకు బలమైన గాలి కావాలి. పొడవైన సన్నని పలక చిన్న అలనే లేపుతూ నీటిని కోసుకుపోతుంది కనుక తక్కువ గాలిలో కూడ దాటగలదు. మయన్మార్ నదులలో పందేలు ఆడే పడవలు పొడవుగా, సన్నగా ఉండడం ఇందుకే.

అయితే పొడవుకు మూల్యం ఉన్నది. ఒకే బరువుగల రెండు పలకలలో 1.7 మీటర్ల దానికంటె 2.4 మీటర్ల దానిని గిరుక్కున తిప్పడానికి దాదాపు రెండింతల ప్రయాస కావాలి. సన్నని పలక వెడల్పు ఇచ్చే స్థిరత్వాన్ని కూడ పోగొట్టుకుంటుంది. కనుక అది రెండవ పలకగా మంచిదే. మొదటి పలకగా కాదు.

ప్రోన్ ఫాయిలింగ్‌లో వేగాన్ని అల ఇస్తుంది. తీరం దగ్గర అల వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. ఒకటిన్నర మీటరు లోతులో అది సెకనుకు సుమారు 3.8 మీటర్లు. పెద్ద రెక్క ఎగరడానికి కావలసిన వేగమూ దాదాపు అంతే! వాలుమీద జారుడు దానికి తోడవుతుంది. అలతోపాటు కదలడం నేర్చినవానికి పెద్ద పలక అవసరం లేదు. పైగా లోపలికి ఈదుకుంటూ పోయేటప్పుడు ఎదురువచ్చే అలల కిందికి పలకను ముంచి దాటాలి. 100 లీటర్ల పలకను ఎవరూ ముంచలేరు. అక్కడ చిన్నతనం అవసరమే.

తరాజులో పెట్టి చూస్తే

ఇంతవరకు చెప్పిన సూత్రాలనుండి వచ్చే మోటు లెక్క ఇది. శిక్షకులు వాడుకలో చెప్పే సంఖ్యలు కూడ దీనికి దగ్గరగానే ఉంటాయి.

వింగ్ ఫాయిలింగ్ మొదలుపెట్టేవారు బరువుకు 30 నుండి 40 కలపాలి. 50 కిలోలవారికి 80–90 లీటర్లు. 65 కిలోలవారికి 95–105. 80 కిలోలవారికి 110–120. 95 కిలోలవారికి 125–135. వెడల్పు 70 సెంటీమీటర్లకు తగ్గరాదు.

ఎగరడం, తిరగడం వచ్చి, పడినప్పుడు తడబడకుండా లేవగలిగినవారు బరువుకు 5 నుండి 15 కలిపితే చాలు. 65 కిలోలవారికి 70–80. 80 కిలోలవారికి 85–95. ఇది సమతూక పరిమాణానికి ఇటూ అటూ ఉండే స్థితి.

బలమైన గాలులలో ఆరితేరినవారు మాత్రమే బరువుకంటె 10 నుండి 20 లీటర్లు తక్కువకు దిగవచ్చు.

ప్రోన్ ఫాయిలింగ్‌కు కూడిక కాదు, భాగహారం. మొదటి పలకకు బరువులో సగానికి అటూ ఇటూ: 50 కిలోలవారికి 22–28 లీటర్లు, 65 కిలోలవారికి 29–36, 80 కిలోలవారికి 36–44. అయితే సాధారణ అలల పలకమీద పడుకోవడం, లేవడం ముందే వచ్చి ఉండాలి. ఈదేవారు, ఆడుకునే పిల్లలు ఉన్న చోట ఇది చేయరాదు. నీటి అడుగున ఉన్న రెక్క అంచు కత్తివంటిది. తలకు శిరస్త్రాణం తప్పనిసరి.

పలకమీద లీటర్లు రాసి లేకపోతే, పొడవు, వెడల్పు, మందాలను సెంటీమీటర్లలో హెచ్చించి, వెయ్యితో భాగించి, 0.7తో హెచ్చించండి. 170, 70, 12.5 సెంటీమీటర్ల వింగ్ పలక సుమారు 104 లీటర్లని తేలుతుంది.

పలక లోపల ఏమున్నది?

రసాయనశాస్త్రానికి కూడ ఇందులో కొంత పని ఉన్నది. ఈ పలకల గుండె ఎక్కువగా ఉబ్బించిన పాలీస్టైరీన్ నురుగు. దాని సాంద్రత లీటరుకు సుమారు 20 గ్రాములు. అనగా 100 లీటర్ల నురుగు రెండు కిలోలు. తెప్పకు వాడే తేలిక కలప లీటరుకు 450 గ్రాములు అనుకుంటే, 100 లీటర్ల దుంగ 45 కిలోలు తూగి, 55 కిలోలనే మోస్తుంది. తడిని పీల్చి 600 గ్రాములకు పెరిగితే మోసేది 40 కిలోలే. వేట ముగియగానే జాలరులు తెప్ప కట్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టడం ఈ 15 కిలోలకోసమే. ఇప్పుడు మన తీరంలో ఫైబర్ తెప్పలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి.

నురుగు పలకకు కూడ తడి శత్రువే. పైపొర పగిలితే నీరు నురుగు పూసల మధ్యకు చేరుతుంది. లీటర్లు మారవు, బరువు పెరుగుతుంది. మూడు లీటర్ల నీరు చేరితే మీ 110 లీటర్ల పలక 107 లీటర్ల పలకతో సమానం. కనుక కొన్ననాడే పలకను తూచి, బరువును దాని అడుగున రాసి ఉంచండి. ఏటా ఒకసారి తూచండి. పాత పలక కొనేవారు తరాజు లేకుండా కొనవద్దు.

పగులును పూడ్చడానికి ఎపాక్సీ రెసిన్ మాత్రమే వాడాలి. పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ద్రావకంగా ఉంటుంది. అది పాలీస్టైరీన్ నురుగును కరిగించివేస్తుంది. చిన్న పగులుకు చేసిన మరమ్మతు లోపల పెద్ద గొయ్యి అవుతుంది.

ఎండలో మూసిన కారులో పలకను వదలవద్దు. లోపలి గాలి 27 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వేడెక్కితే పీడనం 11 శాతం పెరుగుతుంది. ఇది స్వల్పమనిపించవచ్చు; కాని చదరపు మీటరుకు లెక్కిస్తే సుమారు 1,100 కిలోల తోపుడు! పైపొర నురుగునుండి ఊడిపోవడానికి అది చాలు. గాలి పోవడానికి పలకకు చిన్న మరబిరడా ఉండేది ఇందుకే. కొన్ని పలకలలో అది దానంతట అదే గాలిని వదులుతుంది. కొన్నింటిలో చేతితో తిప్పాలి. మీ పలక ఏ రకమో కొన్నప్పుడే అడగండి.

తప్పు ఏ వైపున జరగాలి?

లెక్క ఎంత చేసినా పది లీటర్లు అటో ఇటో పోవచ్చు. అప్పుడు ఏ వైపున తప్పడం మేలు? నా దృష్టిలో ఈ వ్యాసానికి ఇదే ముఖ్యమైన ప్రశ్న.

పలక పెద్దదైతే కలిగే నష్టాలు: మోయడం కష్టం, గాలి దానిని నెట్టుతుంది, ఎగిరినప్పుడు మొద్దుగా తిరుగుతుంది, ఏడాది తరువాత మార్చుకోవాలనిపిస్తుంది. పలక చిన్నదైతే కలిగే నష్టం ఒక్కటే: గాలి ఆగిపోయిన నాడు అది మిమ్మల్ని మోయదు. మొదటివన్నీ సౌకర్యానికి చెందినవి. రెండవది ప్రాణానికి చెందినది. ఈ రెండింటినీ ఒకే తరాజులో తూచరాదు.

మళ్లీ లైంగ్ నదిని చూడండి. అది లైంగ్‌థార్యార్ దాటి దిగువన యాంగోన్ నదిగా మారి, మర్తబాన్ అఖాతంలో కలుస్తుంది. అక్కడి పెద్ద పోటుపాటుల ఎత్తు ఐదు మీటర్లు దాటుతుంది. అంత నీరు రోజుకు రెండు మారులు లోపలికి వచ్చి బయటికి పోవాలంటే ప్రవాహం ఎంత జోరుగా ఉంటుందో ఊహించవచ్చు. బార్జీలు తిరిగే ఆ బురద నది ఈ క్రీడకు తగిన చోటు కాదు. కాని మన పిల్లలు ఇష్టపడే చోట్లలో కూడ అటువంటి నీరే ఉన్నది. శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో గోల్డెన్ గేట్ వంతెన కింద పాటు వేగం 4 నాట్లు దాటుతుంది; అనగా సెకనుకు రెండు మీటర్లు. గాలి పడిపోయి పది నిమిషాలు నిలిచిపోతే ఆ ప్రవాహం 1,200 మీటర్లు సముద్రంవైపు తీసుకుపోతుంది. మోకాళ్లపై కూర్చొని చేతులతో నీటిని తోసేవాని వేగం సెకనుకు ఒక మీటరుకు మించదు. ప్రవాహానికి ఎదురు పోలేడు. అడ్డంగా ఒడ్డుకు చేరాలి. అందుకు పలక నీటిపైన తేలి ఉండాలి. 110 లీటర్ల పలకపై ఉన్న 80 కిలోలవాడు అది చేయగలడు. 65 లీటర్ల పలకపై ఉన్నవాడు తొడలదాకా నీటిలో ఉండి, తోసిన ప్రతి తోపులో సగం వృథా చేసుకుంటాడు.

కనుక ఇంట్లో ఒకే పలక కొనేటట్లయితే అందరిలోకి బరువైనవారిని బట్టి కొనండి. తండ్రి 115 లీటర్ల పలకను 50 కిలోల కూతురు వాడితే ఆమె కొంత మెల్లగా నేర్చుకుంటుంది, అంతే. కూతురి 85 లీటర్ల పలకను 80 కిలోల తండ్రి తీసుకుపోతే అతడు సమతూకానికి కిందనే నిలబడతాడు. ఎదిగే పిల్లల విషయంలో రెండేళ్ల తరువాతి బరువును అంచనా వేయండి. వీలైతే మొదటి నెల అద్దె పలకతో గడపండి. శిక్షణ బడులవారు తేలికగా చిన్న పలక ఇవ్వరు. వారికి అనుభవం ఉన్నది.

కొన్న తరువాత ఒక పరీక్ష చేయండి. గాలి లేని రోజున, లోతు తక్కువ ఉన్న నిలకడ నీటిలో, తేలుడు కోటు తొడిగి, పలకకు తాడు కట్టుకొని, వింగ్‌ను పలకపై పెట్టి, మోకాళ్లమీద రెండు వందల మీటర్లు వెళ్లి తిరిగి రండి. రాగలిగితే ఆ పలక మీది. రాలేకపోతే, అది ఎంత అందంగా ఎగిరినా, ఇంకా మీది కాదు. 50 న్యూటన్ల తేలుడు కోటు ఐదు కిలోల ఆసరా మాత్రమే ఇస్తుంది. పలకలో తగ్గిన ముప్పై లీటర్లను అది పూడ్చలేదు.

ఎగరడం ఫాయిల్ పని. ఎగరకముందూ, ఎగరడం ఆగిన తరువాతా మనలను మోయడం పలక పని. దుకాణంలో మనకు చూపేది మొదటిది. డబ్బిచ్చి కొనవలసినది రెండవది. సంపాన్ నడిపేవాడు అంచుకూ నీటికీ మధ్య మిగిలిన ఎత్తును చూసినట్లే, మనమూ మన పిల్లలకు పలక ఎంచేటప్పుడు, ఎంత తక్కువ లీటర్లతో ఎగరగలరని కాక, గాలి ఆగినప్పుడు ఎన్ని లీటర్లు మిగులుతాయని అడగడం అలవరచుకోవాలి.